నిస్సాన్ వన్ టన్ కొన్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మిలిటరీ వేలంలో వచ్చిన పాత నిస్సాన్ వన్ టన్ ట్రక్కు కొన్నావట. అది నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందట. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లకుండా నువ్వే బాగుచేసుకుని, మారేడుమిల్లి ఘాట్ మీదుగా చింతూరు వెళ్తానంటున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. బండి పేరు వినగానే గుండె పొంగింది. జబల్‌పూర్‌లో తయారైన బండి, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. సికింద్రాబాద్‌లో, సైన్యం బళ్లు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ట్రైనింగ్ అయి యూనిట్‌కి వెళ్లాక నేను పని నేర్చుకున్నది దాని మీదే. తర్వాత శక్తిమాన్ మిలిటరీ ట్రక్కులు చాలా చూశాను కానీ అవి డీజిల్ బళ్లు, వాటికి స్పార్క్ పుట్టించే ప్లగ్గులూ పాయింట్లూ ఉండవు. నీ బండికి నిప్పు పుడితేనే నడక. ఆ నిప్పుకి జానెడు దూరంలో పెట్రోలు ఉంటుంది. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదంటే కారణం అదే.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. బ్యాటరీ 12 వోల్టులా 24 వోల్టులా అన్నది కళ్లతో చూసుకో, మిలిటరీ బళ్లలో రెండు రకాలూ ఉంటాయి. 12 అయితే, నిండా చార్జయిన బ్యాటరీ 12.6 చూపించాలి. టెర్మినళ్ల మీద తెల్ల పొడి పేరుకుంటే వేడినీళ్లతో కడుగు. తీగలు విప్పేటప్పుడు ఎర్త్ తీగ, అంటే బండి ఇనుముకి బిగించి ఉన్నది, ముందు తియ్యి, బిగించేటప్పుడు చివర బిగించు. ఇంజను ఆగి ఉండగా ఇగ్నిషన్ తాళం ఆన్‌లో వదలకు, స్పార్క్‌కి కరెంటు పుట్టించే కాయిల్ కాలిపోవచ్చు. ఫ్యూజు పోతే అదే రేటింగ్ ఫ్యూజు వెయ్యి. సిగరెట్ పెట్టె రేకు చుట్టి పెట్టారేమో ఒకసారి చూడు, పాత బళ్లలో ఉంటుంది.

ఎర్త్ సంగతి మాత్రం ఇంకాస్త చెప్పాలి. ఈ బళ్లకు సర్వీసులో ఉన్నంత కాలం పచ్చరంగు పూత మీద పూత వేస్తూనే ఉంటారు. వేలంలో కొన్నవాడు అమ్మే ముందు ఇంకో పూత వేస్తాడు. చాసిస్‌కీ ఇంజనుకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ బోల్టు ఆ రంగు కింద మునిగిపోతుంది. మైనస్ తీగే ఎర్త్ అయిన బండి అయితే మీటరు నల్ల తీగ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర తీగ ఇంజను బ్లాకు మీద పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఎవరిచేతైనా సెల్ఫ్ కొట్టించు. అర వోల్టు దాటి చూపిస్తే పట్టీ విప్పి, మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి బిగించు. లైట్లు మసకగా వెలగడం, సెల్ఫ్ నీరసంగా తిరగడం, చాలావరకు అక్కడే తీరిపోతాయి.

ఇప్పుడు నీ బండి జబ్బు. వేడెక్కాక ఆగిపోయి, కాసేపు నిలిపితే మళ్లీ స్టార్టవుతోందని మీ అమ్మ చెప్పింది. సిక్కింలో సరిగ్గా ఇలాంటి బండే మాతో ఉండేది. ఎక్కుడు రోడ్డులో ఆగేది, చల్లబడితే నడిచేది. దాన్ని చూసుకునే కుర్రాడు శ్రీకాకుళం వైపువాడు, పనిమంతుడు. ఎక్కుడులో ఆగుతోంది కాబట్టి పెట్రోలు అందడం లేదని తీర్మానించేసుకున్నాడు. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బ్యురేటర్ విప్పాడు, పంపు కడిగాడు, పైపులు ఊదాడు. మర్నాడు మళ్లీ ఆగింది. అప్పటికి సాయంత్రమైంది, కాన్వాయ్ ముందుకు వెళ్లిపోయింది, అందరికీ టెన్షన్. కార్బ్యురేటర్ మూత తీసే ఉంది, ఇంజను మీద పెట్రోలు ఒలికి ఉంది. ఎవరో "స్పార్క్ వస్తోందో లేదో చూడరాదూ" అన్నారు. వాడు, స్పార్క్‌ని ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ నడిమి తీగ పీకి చేత్తో బ్లాకు దగ్గర పట్టుకున్నాడు, ఇంకొకడు సెల్ఫ్ కొట్టాడు. భగ్గుమంది. దుప్పట్లు, ఇసుక వేసి ఆర్పాం. బండి దక్కింది. ఆ కుర్రాడి కుడిచేతి వేళ్లు మాత్రం తర్వాతెప్పుడూ పూర్తిగా ముడుచుకోలేదు. అసలు జబ్బు కాయిల్‌లో ఉంది. వేడికి లోపలి చుట్టలు దెబ్బతిని స్పార్క్ ఆగిపోయేది.

గ్యాస్ వాసనొస్తే స్విచ్ వెయ్యొద్దని మీ అమ్మకి నువ్వే చెబుతావు. బానెట్ కింద కూడా అదే మాట గుర్తుపెట్టుకోరా. స్పార్క్ చూసే రోజున పెట్రోలు జోలికి పోవద్దు. పెట్రోలు పని చేసే రోజున బ్యాటరీ తీగ విప్పి పక్కన పెట్టు.

బండి ఆగిన వెంటనే తడిగుడ్డ ఒకటి కాయిల్ మీద వెయ్యి, ఇంకేమీ ముట్టుకోకు. మామూలుకన్నా త్వరగా స్టార్టయితే అనుమానం కాయిల్ మీదే. ఇంకోసారి ఆగినప్పుడు గుడ్డ పెట్రోలు పంపు మీద వెయ్యి. దాంతో త్వరగా కోలుకుంటే పెట్రోలు పైపులో ఆవిరవుతోందన్నమాట. రెండింటి మీదా ఒకేసారి వేస్తే ఏమీ తేలదు. స్పార్క్ చూడాలంటే ఇంజనులోని ప్లగ్గు తియ్యకు, ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంది. దాని తీగ మాత్రం ఊడదీసి వేరే ప్లగ్గుకి తగిలించు. ఆ ప్లగ్గు ఒంటిని కార్బ్యురేటర్‌కి దూరంగా బ్లాకుకి గట్టిగా కట్టేసి అప్పుడు సెల్ఫ్ కొట్టించు. నీలంగా టప్‌మని కొడితే మంచిది. పసుపుగా, సన్నగా వస్తే డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లు చూడు. అవి నల్లగా మాడి ఉంటే పాయింట్లు మాడకుండా కాపాడే కండెన్సర్ మార్చు. పాయింట్ల మధ్య గ్యాప్ సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది, మాన్యువల్‌లో ఉన్న అంకే పెట్టుకో. చీకటిపడ్డాక ఇంజను నడుస్తుండగా బానెట్ ఎత్తి చూడు, డిస్ట్రిబ్యూటర్ మూత పగిలినా తీగలు పాడైనా నీలి మెరుపులు పాకుతూ కనిపిస్తాయి.

ఇవన్నీ చేసేటప్పుడు చేతికందేంత దూరంలో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. నీళ్ల బకెట్ చాలదు, పెట్రోలు మంట నీళ్లకు ఇంకా పరుచుకుంటుంది. ఒంటరిగా చెయ్యకు. రాత్రి అందరూ పడుకున్నాక అసలే చెయ్యకు. నీ సంగతి నాకు తెలుసు, చిన్నప్పుడు మా రేడియో విప్పింది కూడా అర్ధరాత్రే. అప్పుడు తిట్టాను కానీ, ఆ విప్పిన స్క్రూలన్నీ వరసగా పేర్చి పెట్టావని మీ అత్తతో చెప్పి మురిసిపోయాను.

పాయింట్లు సెట్ చేయడం ఉత్తరంలో రాస్తే రాదు, పక్కన కూర్చుని చూపించాలి. వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను, గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ నేనే తెస్తాను. కొత్త కండెన్సర్ ఒకటి, కాయిల్ ఒకటి కొని ఉంచు. నేను వచ్చేదాకా కార్బ్యురేటర్ విప్పకు, ఘాట్ మాట ఎత్తకు.

ఇట్లు,
మీ మామయ్య