హాలోవీన్ రాత్రికి ఇంట్లో తోలుబొమ్మలాట

చి. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

చిన్నవాడు పుర్రె మాస్కులు చూసి బెదురుతున్నాడని, ఈసారి అక్టోబరు 31 హాలోవీన్ రాత్రి పిల్లలిద్దర్నీ అక్కడి అమెరికా పిల్లల్లా వేషాలతో, మిఠాయిలకని ఇల్లిల్లూ తిప్పకుండా ఇంకేదైనా చేయాలనుందని రాశావు. మంచిదే. అలాగని లైట్లార్పేసి, "మనకెందుకు అవన్నీ" అని కూర్చోబెట్టకు. మర్నాడు స్కూల్లో అందరూ ఆ కబుర్లే చెప్పుకుంటుంటే మనవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. వేషం, చీకటి, గుమ్మం దగ్గర పంచిపెట్టడం, ఈ మూడే పిల్లలకి సరదా. అవన్నీ ఉంచి, బెదరగొట్టడం ఒక్కటి తీసెయ్యి.

చీకటి సరదాకి తోలుబొమ్మలాటని మించింది లేదు. నీడ ఎలా పడుతుందో తన చేత్తో చేసి చూసిన పిల్లాడికి భయం చాలావరకు తగ్గుతుంది. అందుకే చిన్నవాణ్ణి తెర ముందు కాదు, వెనకాల కూర్చోబెట్టు.

మన అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలకి మేకతోలుని వెలుగు దూరేటంత పల్చగా చేసి రంగులు వేస్తారు. నీడ కూడా రంగుల్లో పడేది అందుకే. నల్ల అట్టతో చేస్తే ఒట్టి నల్ల నీడే వస్తుంది. ఇంట్లో మామూలు ప్రింటర్ కాగితం చాలు. అడుగు ఎత్తు బొమ్మ గీయించి, క్రేయాన్లతో గట్టిగా రంగు దిద్దించు. తర్వాత కాగితం తిరగేసి, అర చెంచా వంటనూనె దూదితో పల్చగా రాయి. మిగిలిన నూనె టిష్యూతో అద్దేసి, పాత పేపరు మీద రెండు గంటలు ఆరనివ్వు. కాగితం అద్దంలా తేరుకుంటుంది. నూనె ఎక్కువైతే తెరకి మరకలవుతాయి, టేపు అంటుకోదు. టేపు వేయాల్సిన చోట అసలు నూనె రాయకు. నగలున్న చోట గుండుసూదితో వరసగా చిల్లులు పొడిపిస్తే వెలుతురు చుక్కలుగా మెరుస్తుంది. అసలు తోలుబొమ్మలకీ అంతే, నగలన్నీ చిల్లులతోనే చెక్కుతారు.

కాగితం వంగిపోకుండా తలనుంచి పాదాల దాకా ఒక వెదురుపుల్ల టేపుతో అంటించి, పట్టుకోవడానికి కింద అరడుగు వదులు. పుల్ల మొన ముందే తుంచెయ్యి. చెయ్యి విడిగా కత్తిరించి భుజం దగ్గర కాళ్ళు విడదీసే ఇత్తడి పిన్నుతో బిగించి, అరచేతికి ఇంకో పుల్ల పెట్టు. పిన్ను మరీ బిగిస్తే చెయ్యి కదలదు, కాగితం చిరుగుతుంది. కాస్త వదులుగానే ఉండాలి.

తెరకి మీ ఆయన తెల్ల పంచె ఒక్క పొర చాలు. లోపలి గది గుమ్మానికి అడ్డంగా ముడతల్లేకుండా లాగి కట్టు. కింది సగం దుప్పటితో మూసేస్తే పిల్లల తలలు కనబడవు. వెనక నాలుగైదు అడుగుల దూరంలో, తెర నడిమి కంటే కొంచెం ఎత్తున ఫోన్ టార్చి నిలబెట్టు. ఒకటే దీపం ఉండాలి. రెండుంటే నీడలు రెండు పడతాయి. పాలరంగు గాజు బల్బు వద్దు, అంచులు మసకబారతాయి. బొమ్మ తెరకి ఆనుకుని ఉంటేనే నీడ స్పష్టంగా ఉంటుంది. దీపం వైపు జరిపేకొద్దీ పెద్దదవుతుంది, మసకబారుతుంది కూడా.

ఆ మసకే కుంభకర్ణుడికి పనికొస్తుంది. కుంభకర్ణుణ్ణి నిద్రలేపే ఘట్టం ఒక్కటి పెట్టుకోండి, పది నిమిషాలు దాటనివ్వకు. మీ పెద్దమ్మాయి గురక పెడుతుంది, చిన్నవాడు కంచం గరిటెతో వాయిస్తాడు, మధ్యలో తోలుబొమ్మలాటలో నవ్వించే జంట కేతిగాడూ బంగారక్కా వచ్చి పోట్లాడుకుంటారు. రాక్షసుడు లేచేటప్పుడు బొమ్మని మెల్లగా దీపం వైపు లాగే పని చిన్నవాడికే అప్పగించు.

ఇక గుమ్మడికాయ. ఆరేళ్ళవాడికి కత్తి ఇవ్వద్దు, రంగులేయించు. కోసిన కాయ కొద్దిరోజులకే బూజుపట్టి కూలుతుంది. కొయ్యని కాయ వారాల తరబడి ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి బాగా ఆరాక తెల్ల ఎక్రిలిక్ ఒక పూత వేసి, గంటాగి మిగతా రంగులు. పోస్టరు రంగులు ఆ నున్నటి తొక్క మీద నిలవవు, పెచ్చులూడతాయి. మన ఇళ్ళకి కట్టే దిష్టి గుమ్మడికాయలా గుడ్లురిమే కళ్ళు, మెలితిప్పిన మీసాలు వేయించు, ఇద్దరూ పోటీపడతారు. దప్పళానికి మాత్రం వంటకని అమ్మే చిన్న గుమ్మడికాయ ("పై పంప్‌కిన్" అంటారు) విడిగా కొను. చెక్కుడుకని అమ్మే పెద్దవి నీళ్ళోడుతూ పీచుపీచుగా ఉంటాయి.

గుమ్మం లైటు వెయ్యి. లైటుంటేనే పిల్లలు వస్తారు. చాక్లెట్ల గిన్నె పక్కన ఇంకో గిన్నెలో పెన్సిళ్ళు, స్టిక్కర్లు, చీకట్లో మెరిసే ప్లాస్టిక్ కడ్డీలు (గ్లో స్టిక్కులు) పెట్టి, ఒక గుమ్మడికాయకి నెమలికంఠం రంగు వేసి ముందుంచు. వేరుశనగ, పాలు పడని పిల్లలకి ఈ ఇంట్లో తిండి కాని కానుకలు ఉన్నాయని అది గుర్తు. 2012లో టెనసీలో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు చాలాచోట్ల తెలుసు. పంచిపెట్టే పని పిల్లలదే. పెద్దదానికి ఇంకా ఉత్సాహముంటే యునిసెఫ్‌కి చిల్లర పోగుచెయ్యమను, 1950 నుంచీ పిల్లలు చేస్తున్న పనే.

వేషాలకి కొనక్కర్లేదు. పట్టుపరికిణీ, పాత పంచె, అట్ట కిరీటం చాలు. ముఖానికి మాస్కు బదులు రంగే మేలు, చూపుకి అడ్డురాదు. ముందురోజు మోచేతి మడతలో కాస్త రాసి చూడు, దురదొస్తే మానెయ్యి. 2024లో లాగా దీపావళి ఆరోజే వచ్చినా, దగ్గర్లో పడినా, గుమ్మంలో నూనెదీపాలు వద్దు. వేలాడే గౌన్ల అంచులకి నిప్పంటుకోవచ్చు. బ్యాటరీ దీపాలు పెట్టు.

గడియారాలు నవంబరు మొదటి ఆదివారం దాకా వెనక్కి జరపరు కాబట్టి మీ వైపు ఆరున్నరకి గానీ చీకటి పడదు. ఐదింటికల్లా అన్నం పెట్టేసి తెర కట్టు, ఏడింటికి ఆట మొదలెట్టు. పక్కింటి పిల్లల్నీ పిలువు, నలుగురైదుగురికి మించకుండా. తెర వెనక అంతకంటే పట్టరు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ