వీడియో పెట్టే ముందు ఒక్కమాట
హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వేయిస్తంభాల గుడి దగ్గర నువ్వు తీసి యూట్యూబ్‌లో పెట్టిన బతుకమ్మ వీడియో చూశాను. మా అక్క పాట ఎత్తుకోవడం, చుట్టూ ఉన్నవాళ్లు అందుకోవడం ఎంత బాగుందో! రెండుసార్లు సంతోషంగా చూసి, మూడోసారి వీడియోలు తీసే పనివాడి కంటితో చూశాను. మొదట్లో మీ వాకిట్లో మీ పాప తంగేడు పూలు ఒక్కొక్కటే అందిస్తుంటే, అక్క దాన్ని పూర్తి పేరుతో పిలిచింది. వెనుక గోడకు బడి సంచీ వేలాడుతోంది, దాని మీద బడి పేరు ఉంది. కాస్త పక్కగా గేటు మీద ఇంటి నంబరు. ఒక్క నిమిషంలో పాప పేరు, బడి, ఇల్లు ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో పెట్టేశావు. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ వీడియోను ప్రైవేట్ చెయ్యి. తర్వాత యూట్యూబ్ స్టూడియోలోని (నీ ఛానెల్ వీడియోలను సరిచూసుకునే చోటు) ఎడిటర్‌లో ఆ ముక్క కత్తిరించవచ్చు, లింకు కూడా మారదు.

చుట్టాలకు మాత్రమే పంపాలంటే అన్‌లిస్టెడ్ చాలని నువ్వు అనుకుంటున్నావు. చాలదమ్మా. వెతికితే దొరకదు కానీ, లింకు ఉన్న ప్రతివాళ్లూ చూడగలరు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన లింకు ఎన్ని చేతులు మారుతుందో ఎవరు చెప్పగలరు? ప్రైవేట్ అయితే ఈమెయిల్ ఇచ్చి నువ్వు పిలిచినవాళ్లే చూస్తారు. పాప ఉన్న వీడియోలన్నీ అలాగే పెట్టు.

ఖాతా నీ పేరు మీదే ఉండాలి. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. మా స్టూడియో ఛానెల్‌ను అప్పట్లో పనిచేసే కుర్రాడి జీమెయిల్‌తో తెరిపించాను. ఒక పెళ్లిలోని అప్పగింతల ఘట్టం నమూనాగా పెట్టాం, పెళ్లివారిని అడగనేలేదు. కుర్రాడు పని మానేసి ఊరు మారాడు. తర్వాత ఆ పెళ్లికూతురి తండ్రి చనిపోయాడు. ఆ అమ్మాయి స్టూడియోకు వచ్చి, "మా నాన్న ఏడుస్తున్న ఆ ముక్క తీసేయండి, కింద ఎవరెవరో ఏవేవో రాస్తున్నారు" అంది. తీయడానికి నా దగ్గర పాస్‌వర్డ్ లేదు. కుర్రాడిని వెతికి పట్టుకునేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ అమ్మాయి ముఖం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. డబ్బిచ్చి తీయించుకున్న వీడియోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. అంటే అది నా సొత్తే కాదు. మీ పెళ్లి వీడియోను తీసినవాళ్లు ఎక్కడైనా పెట్టారేమో కనుక్కో. పెడితే తీసేయమని అడిగే హక్కు నీకుంది. నీ ఛానెల్‌లో ఎవరైనా సాయం చేస్తామంటే పాస్‌వర్డ్ ఇవ్వకు. యూట్యూబ్ స్టూడియో సెట్టింగ్స్‌లో వాళ్లను 'ఎడిటర్' హోదాలో చేర్చు, పని అయ్యాక తీసెయ్. పాస్‌వర్డ్ ఒక్కటే చాలకుండా ఇంకోసారి నువ్వేనా అని అడిగే రెండంచెల ధృవీకరణ తప్పకుండా పెట్టుకో.

అసలు ఫైలును ఫోన్‌లోంచి ఎప్పుడూ చెరిపెయ్యకు. క్యాసెట్ల కాలంలో మాస్టర్ టేపు మేము బీరువా దాటనిచ్చేవాళ్లం కాదు. యూట్యూబ్‌లో ఉందిలే అనుకుంటే, యూట్యూబ్ స్టూడియో నుంచి తిరిగి దించుకున్నప్పుడు నాణ్యత తగ్గి 720పీ, లేదా 360పీ మాత్రమే వస్తుంది. రేపు ఎవరైనా అక్క పాటను ఎత్తుకెళ్లి తమదని పెట్టుకుంటే, ఆ వీడియో నీదని చూపడానికి కూడా ఆ ఫైలే ఆధారం. అలా జరిగితే కామెంట్లలో గొడవపడకు. లింకు రాసుకో, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకో, యూట్యూబ్ కాపీరైట్ ఫారంలో తొలగించమని అడుగు. అయితే ఫిర్యాదు చేసిన నీ పేరు అవతలివాళ్లకు తెలుస్తుంది. అది ఇష్టం లేకపోతే, ముఖమో గొంతో గుర్తుపట్టేలా ఉన్నప్పుడు గోప్యత ఫిర్యాదు దారి వేరే ఉంది.

ఎవరైనా నీ వీడియోను అసభ్యంగా మార్చి పెడితే మాత్రం నీలో నువ్వే కుమిలిపోతూ కూర్చోకు. నాకు ఫోన్ చెయ్యి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో, ఆడవాళ్ల రక్షణ కోసం ఉన్న పోలీసు షీ టీమ్స్‌లో ఫిర్యాదు చేద్దాం.

నువ్వు తీసేసినా, అప్పటికే దించుకున్నవాళ్ల ఫోన్లలోంచి అది పోదు. అందుకే పెట్టకముందే అడగమంటున్నాను. ఆ వలయంలో ఆడినవాళ్లను అడిగావా? తీస్తున్నావని వాళ్లకు తెలుసు, లోకమంతా చూస్తుందని తెలుసా? ముందు అక్కనే అడుగు. వద్దంటే వద్దు.

ఆదివారం ఫోను, ఖాళీ హార్డ్ డిస్క్ తీసుకుని చౌరస్తా దగ్గర స్టూడియోకు రా. ఇద్దరం కూర్చుని పాత వీడియోలన్నీ చూద్దాం. పాపను కూడా తీసుకురా.

మామయ్య