ముందు ఒక పాత లెక్క మళ్లీ చెయ్యి

తల్లీ,

రోజుకు నాలుగైదు కొత్త పరిశోధన పేపర్లు చదువుతున్నా ఏదీ మనసులో నిలవడం లేదని రాశావు. "నీ పరిశోధన ప్రశ్న ఏమిటి?" అని గైడ్ అడిగినప్పుడల్లా టెన్షన్ వస్తోందన్నావు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ విధానాల మీద పనిచేసిన అనుభవంతో నీకు ఒక్క పని చెబుతాను. ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టు. ఒక మంచి పేపర్ ఎంచుకో. దాని డేటా తెచ్చుకుని, అందులోని ముఖ్యమైన పట్టికను మొదటి అంకె నుంచి నీ చేత్తో మళ్లీ లెక్కకట్టు.

ఇది హోంవర్క్‌లా ఉందనుకుంటావేమో. మన రంగంలో ఎంతో పేరుపడ్డ ఒక సంగతి హోంవర్క్‌గానే మొదలైంది. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థికి, ప్రచురితమైన ఒక పేపర్‌ను తిరిగి లెక్కించమని క్లాసులో చెప్పారు. అతను రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు 2010లో రాసిన పేపర్ తీసుకున్నాడు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు ఆర్థిక వృద్ధి మైనస్ 0.1 శాతమని అందులో ఉంది. ప్రభుత్వ ఖర్చులు కోసేయాలని వాదించే నాయకులు ఆ పేపర్‌ను తరచూ ఉదహరిస్తున్న రోజులవి. ఎన్నిసార్లు చేసినా హెర్న్‌డన్‌కు ఆ అంకె రాలేదు. రచయితలనే అడిగితే వాళ్లు తమ ఎక్సెల్ ఫైలు పంపారు. చూస్తే సగటు తీసే ఫార్ములాలో ఐదు దేశాలు జారిపోయి ఉన్నాయి. తన అధ్యాపకులతో కలిసి అతను 2013లో బయటపెట్టిన లెక్క ప్రకారం ఆ సగటు 2.2 శాతం.

దీన్ని అందరూ ఎక్సెల్ తప్పు కథగానే చెప్పుకుంటారు. నువ్వు అక్కడ ఆగొద్దు. ఆ తేడాలో ఎక్సెల్ వాటా చిన్నదే. బ్రిటన్ అప్పు 19 ఏళ్ల పాటు 90 శాతం పైన ఉంది. న్యూజిలాండ్‌కైతే వాళ్ల లెక్కలో మిగిలింది ఒక్క ఏడాది, ఆ ఏడాది వృద్ధి మైనస్ 7.6. సగటు తీసేటప్పుడు ఆ 19 ఏళ్లకూ ఈ ఒక్క ఏడాదికీ సమానమైన బరువు, అంటే ఒకే ప్రాధాన్యం, ఇచ్చారు. ఇది చేయి జారి జరిగింది కాదు, ఒక నిర్ణయం. ఎక్సెల్ పొరపాటును రచయితలు ఒప్పుకున్నారు గానీ, బరువుల విషయంలో తమ పద్ధతినే సమర్థించుకున్నారు. పేపర్ చదువుతున్నప్పుడు ఇలాంటి నిర్ణయాలు ఒక్క వాక్యంలో దాటిపోతాయి. లెక్క నువ్వే చేస్తుంటే ప్రతిచోటా ఆగి, ఇక్కడ ఏం చెయ్యాలని తేల్చుకోక తప్పదు. నీ ప్రశ్న అలాంటి చోటే దొరుకుతుందని నా నమ్మకం.

నేను పీహెచ్‌డీ రోజుల్లో ఈ పని చెయ్యలేదు. ఎవరో ప్రచురించిన ఫలితాన్ని నమ్మి దాని మీద రెండు అధ్యాయాలు రాశాను. చాలాకాలానికి ఆ డేటా చేతికొచ్చింది. ఓటింగ్ వివరాలు దొరకని ప్రాంతాలన్నిటికీ సున్నా వేసి లెక్కించారని అప్పుడు తెలిసింది. వివరం లేకపోవడం వేరు, సున్నా ఓట్లు పడటం వేరు. రెండు అధ్యాయాలూ తీసేయాల్సి వచ్చింది. ఆ బాధ నీకు వద్దు.

అయితే తప్పు పట్టుకోవాలన్న పంతంతో మాత్రం కూర్చోకు. 2014 చివర్లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఇంటింటికీ వెళ్లి మనసు విప్పి మాట్లాడితే స్వలింగ వివాహాల మీద ఓటర్ల అభిప్రాయం మారి, ఆ మార్పు నిలిచే ఉంటుందని చెప్పింది. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే పరిశోధకులు అలాంటి పనే తామూ చేద్దామని మొదలుపెట్టి, ఆ డేటా నమ్మదగ్గది కాదని కనిపెట్టారు. పేపర్ రచయితల్లో ఒకరే దాన్ని వెనక్కి తీసుకోవాలని కోరారు, 2015లో పత్రిక తీసేసింది. ఆ ఇద్దరూ అంతటితో వదిలేయలేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల వ్యతిరేకత గురించి మయామీలో నిజంగా ప్రయోగం చేయించి 2016లో ఫలితం ప్రచురించారు. పది నిమిషాల సంభాషణ ప్రభావం కనీసం మూడు నెలలు నిలిచింది. ఆ పేపర్ అబద్ధమైనా అందులోని ఆలోచనలో నిజముంది. నాకు వాళ్ల మీద ఉన్న గౌరవమంతా ఈ రెండో పని వల్లే.

నీ మొదటి ప్రయత్నానికి సరళమైన పేపర్ తీసుకో. రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో అనే పరిశోధకులు 2004లో పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద రాసింది బాగుంటుంది. అధ్యక్ష పదవి మహిళలకు ఎక్కడ రిజర్వ్ కావాలన్నది యాదృచ్ఛికంగా తేలింది కాబట్టి, రిజర్వ్ అయిన చోట్లనూ కాని చోట్లనూ పోలిస్తే చాలు. మహిళలు అధ్యక్షులుగా ఉన్న చోట తాగునీటి పనులు ఎక్కువ జరిగాయి. రోడ్ల విషయంలో మాత్రం రెండు రాష్ట్రాల్లో ఫలితం ఒకేలా లేదు. ఎందుకో పేపర్ చూడకుండా ముందు నువ్వే ఊహించి రాసుకో. డేటా అందరికీ అందుబాటులోనే ఉంది. ఈమధ్య చాలా జర్నల్స్ డేటా, దాన్ని లెక్కించిన కంప్యూటర్ కోడ్ రెండూ పెట్టమంటున్నాయి కాబట్టి తర్వాతి పేపర్లకూ వెతుక్కోనక్కర్లేదు. కానీ రచయితల కోడ్ ముందే తెరవకు. నీది రాసి, అంకె వచ్చాక, అప్పుడు పోల్చు.

అంకె కలవకపోతే వారం రోజులు నీ తప్పే వెతుకు. చాలాసార్లు అదే అయ్యుంటుంది. అయినా తేలకపోతే రచయితలకు మర్యాదగా, ఏ పట్టికలో ఏ వరుస కలవలేదో స్పష్టంగా రాయి.

ఫైలు నాకూ పంపు. ఇద్దరం విడివిడిగా లెక్కకట్టి ఆదివారం ఫోన్‌లో అంకెలు పోల్చుకుందాం.

ఆశీస్సులతో,
పెదనాన్న