ఆటోలో ఊరు, గ్లాసులో ద్రాక్ష: పాఠకుల ప్రశ్నలు

చిన్న బండిలో ఊరు చూడటం, మధ్యలో ఎక్కడైనా వైన్ రుచి చూడటం గురించి ఈ నెల ఉత్తరాలు చాలా వచ్చాయి. ఒకే ప్రశ్నను ముగ్గురు నలుగురు అడిగిన చోట ఒక్కటే అచ్చు వేశాం.

ప్రశ్న: మా అబ్బాయి పోర్చుగల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల మేమిద్దరం వెళ్తున్నాం. పోర్టో ఊళ్లో ‘టుక్‌టుక్ టూర్, వైన్ టేస్టింగ్‌తో, రెండున్నర గంటలు’ అని ఒకటి చూసి పెట్టాడు. మాకు అరవై దాటాయి. నాకు మోకాళ్ల నొప్పులు, ఆయనకు షుగర్. వెళ్లొచ్చా? — ఒక పాఠకురాలు, ఎర్రముక్కపల్లి, కడప

నిక్షేపంగా వెళ్లండమ్మా. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ ఊళ్లో టుక్‌టుక్‌కు మించిన సాధనం లేదు. పోర్టో డోరో నది ఒడ్డున ఏటవాలు మీద కట్టిన ఊరు. నది ఒడ్డు నుంచి పైనున్న పెద్ద చర్చి దాకా సందులన్నీ రాతి పరుపుల ఎత్తులే, చాలా చోట్ల మెట్లే. పెద్ద బస్సు ఆ సందుల్లో తిరగలేదు. ఇక బండి మీకు కొత్తేమీ కాదు. మన రోడ్ల మీద తిరిగే ‘ఆపే’ (Ape) అనే రకం ఆటో 1948లో ఇటలీలో పుట్టిన పియాజియో బండి. యూరప్‌లో యాత్రికులను తిప్పేవాటిలో దాని చుట్టాలు చాలా ఉన్నాయి, ఇప్పుడు బ్యాటరీవి కూడా ఎక్కువయ్యాయి.

డబ్బు కట్టే ముందు మీ అబ్బాయి చేత నాలుగు సంగతులు అడిగించండి. రెండున్నర గంటల్లో బండి మీద ఎంతసేపు, వైన్ దగ్గర ఎంతసేపు? బండి మీద గంటన్నరైనా లేకపోతే అది ఊరు చూపించే టూర్ కాదు, మిమ్మల్ని వైన్ దుకాణం దాకా దింపే బండి. రెండోది, వైన్ గిడ్డంగిలో మెట్లు ఎన్ని? నదికి అవతల విలా నోవా ద గాయా అనే ఊళ్లో ఉంటాయి ఆ గిడ్డంగులు. లోపల చీకటి, చల్లదనం, తడి నేల. పట్టు ఉన్న చెప్పులు, ఒక శాలువా తీసుకెళ్లండి. మూడోది, బండి మీ ఇద్దరికేనా, వేరేవాళ్లతో కలిపా? కలిపితే మీకు కావలసిన చోట ఆగరు. నాలుగోది, వాన వస్తే పక్కలకు పరదాలు ఉంటాయా? నవంబరు నుంచి అక్కడ వానలు జాస్తి.

దారిలో సావ్ బెంటో రైల్వే స్టేషను దగ్గర తప్పక ఆపమనండి. లోపలి గోడల మీద సుమారు 20,000 నీలి పెంకులతో యుద్ధాలు, పెళ్లి ఊరేగింపులు, పొలం పనులు చిత్రించారు. దిగి చూడటానికి పావుగంట చాలు.

ఇక వైన్. అక్కడ పోసేది మామూలు వైన్ కాదు, పోర్ట్. ద్రాక్షరసం పులుస్తుండగా, తీపి ఇంకా మిగిలి ఉన్నప్పుడే, 77 శాతం ఆల్కహాలున్న ద్రాక్ష స్పిరిట్ కలిపేస్తారు. పాత లెక్కలో 435 లీటర్ల రసానికి 115 లీటర్ల స్పిరిట్, అంతా కలిపి 550 లీటర్ల పీపా. స్పిరిట్ దెబ్బకు పులిసే పని ఆగిపోతుంది, తీపి తీపిగానే ఉండిపోతుంది. అందుకే దానిలో ఆల్కహాలు 19 నుంచి 22 శాతం, చక్కెర లీటరుకు సుమారు 100 గ్రాములు.

మూడు గ్లాసులు, ఒక్కోదానిలో 50 మిల్లీలీటర్లు పోస్తారనుకుందాం. మొత్తం 150. అందులో అచ్చమైన ఆల్కహాలు 30 మిల్లీలీటర్లు, అంటే 70 మిల్లీలీటర్ల విస్కీతో సమానం. చూడటానికి చిన్న గ్లాసులే, లెక్కకు లార్జ్ పెగ్గు దాటింది. చక్కెర 15 గ్రాములు, మూడు చెంచాలు. కాబట్టి మీవారు మాత్రలు రాసే డాక్టరును ముందే అడగాలి. కొన్ని షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు ఖాళీ కడుపున ఆల్కహాలు పడితే షుగర్ ఉన్నట్టుండి దిగిపోతుంది. డాక్టరు సరేనన్నా రెండు గుటకలు రుచి చూసి మిగతాది ఉమ్మేయడం మేలు. ఉమ్మడానికి ప్రతి చోటా ఒక పాత్ర పెడతారు, ఎవరూ తప్పు పట్టరు. వైన్ వృత్తిలో ఉన్నవాళ్లంతా చేసేది అదే.

ప్రశ్న: పోయిన నెల బెంగళూరులో స్నేహితుల బలవంతం మీద ఎర్ర వైన్ తాగాను. నాలుక పట్టేసినట్టయింది, పులుపు, చేదు. ఇందులో ఏముందని ఇంత గొప్పలు? — బుధవారపేట, కర్నూలు

మీ నాలుక సరిగ్గానే చెప్పింది. ఆ పట్టేసినట్టు ఉండటం వగరు. ఇంగ్లీషువాళ్లు దానికి టానిన్ అని పేరు పెట్టి పాఠాలు చెబుతారు. మనకు ఉగాది పచ్చడిలోనే ఆ రుచికి చోటుంది. మామిడి పిందె, పచ్చి అరటికాయ, నేరేడు పండు, కరక్కాయ అన్నీ వగరే. ఎర్ర వైన్‌ను తొక్కలు, గింజలతో సహా పులియబెడతారు, వగరు అక్కడి నుంచే దిగుతుంది. తెల్ల వైన్‌కు రసం పిండి తొక్క తీసేస్తారు కాబట్టి అందులో వగరు దాదాపు ఉండదు, పులుపు తేటగా తెలుస్తుంది. మొదటిసారి తాగేవాళ్లు తెల్లదానితో మొదలుపెట్టాలి. మీకు వరస తిరగబడింది.

ఇంట్లో ఒక చుక్క మందు లేకుండా సాధన చేయొచ్చు. మూడు గ్లాసులు పెట్టుకోండి. ఒకదానిలో పాలు, చక్కెర లేని టీ, ఆకు పది నిమిషాలు నానబెట్టి వడగట్టినది. రెండోదానిలో గ్లాసు నీళ్లకు అర చెంచా నిమ్మరసం. మూడోదానిలో అవే నీళ్లకు చెంచా బెల్లం. ఒక్కొక్కటి నోట్లో ఐదు సెకన్లు తిప్పి మింగండి. టీ చిగుళ్లను, బుగ్గల లోపలి వైపును ఎండగట్టినట్టు చేస్తుంది. నిమ్మ నాలుక పక్కల నీరూరిస్తుంది. తర్వాత టీలో కొంచెం బెల్లం నీళ్లు కలిపి చూడండి, వగరు మెత్తబడుతుంది. వైన్ చేసేవాడు ఆ మూడింటి మధ్య సర్దుబాటు కోసమే నానా తంటాలు పడతాడు.

గ్లాసు పట్టేటప్పుడు కింది కాడ పట్టుకోండి, అరచేతి వేడి తగలకూడదు. మూడో వంతు మించి పోయించుకోవద్దు. తెల్ల గుడ్డ మీదికి వంచి రంగు చూడండి, తిప్పండి, ముక్కు లోపలికి పెట్టి వాసన చూడండి, ఆ తర్వాతే గుటక. రుచి అనుకునేదానిలో ఎక్కువ పాలు వాసనే. జలుబు చేసినప్పుడు రసం సప్పగా ఉంటుంది కదా, అదే సంగతి. ఎర్ర వైన్‌కు 16 నుంచి 18 డిగ్రీలు, తెల్లదానికి 8 నుంచి 12 డిగ్రీలు సరైన చల్లదనం. ‘రూమ్ టెంపరేచర్‌లో ఇవ్వాలి’ అనే మాట చలి దేశాల గదులది. మన గది వేసవిలో 35 డిగ్రీలు. ఆ వేడికి ఆల్కహాలే ముక్కుకు కొడుతుంది, మిగతా వాసనలేవీ తెలియవు. ఎర్ర సీసా అయినా గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

మన ఊళ్లలో ‘వైన్స్’ బోర్డు కింద అమ్మేది ముఖ్యంగా బ్రాందీ, విస్కీ, బీరు. దాన్ని చూసి వైన్ ఇలా ఉంటుందని అనుకోవద్దు.

ప్రశ్న: అనంతపురం నుంచి ఒక్కరోజులో వెళ్లొచ్చే ద్రాక్షతోట, వైన్ టేస్టింగ్ ఉన్నది ఎక్కడ? కారు నేనే నడుపుతాను. — సాయినగర్, అనంతపురం

దొడ్డబళ్లాపురం దగ్గర, నంది కొండల పక్కన, గ్రోవర్ జంపా వారి తోట ఉంది. 1988లో మొదలైన సంస్థ. తోట, పీపాలు చూపించి చివర రుచి చూపిస్తారు. ముందుగా ఫోన్ చేసి సమయం రాయించుకోవాలి, ఊరికే వెళ్లి గేటు దగ్గర నిలబడితే కుదరదు. 21 ఏళ్లు దాటినట్టు గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల మధ్య వెళితే తీగల మీద గుత్తులు కనిపిస్తాయి. మన జిల్లాలో ద్రాక్ష పెట్టిన రైతులకు తెలిసిందే, ఇక్కడ తీగ చలికాలంలో నిద్రపోదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. వేసవి కత్తిరింపు కొమ్మ కోసం, సెప్టెంబరు, అక్టోబరు కత్తిరింపు పంట కోసం. వైన్ ద్రాక్ష చూసి నిరాశ పడొద్దు. శనగగింజ కన్నా కొంచెం పెద్దవి, తొక్క మందం, గింజలు ఎక్కువ. రంగు, వగరు తొక్కలో ఉంటాయి కాబట్టి కాయ చిన్నదైతేనే రసానికి తొక్క పాలు ఎక్కువ.

ఇక కారు మాట. మీరే నడిపేటట్టయితే మీరు రుచి చూడకండి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. నాలుగైదు గ్లాసుల టేస్టింగ్‌తో ఆ గీత దాటేవాళ్లు చాలామంది. కాఫీ తాగినా, మొహం కడుక్కున్నా అది దిగదు, గంటలు గడవాల్సిందే. హిందూపురం, గౌరీబిదనూరు మీదుగా వెళ్లే రైలు మార్గంలో దొడ్డబళ్లాపురం స్టేషనుంది. ఎక్స్‌ప్రెస్‌లన్నీ ఆగవు, చూసి టికెట్ తీసుకోండి. స్టేషను నుంచి ఆటో రానూపోనూ మాట్లాడుకుని, వెయిటింగ్‌తో కలిపి ఖరారు చేసుకోండి. తోట దగ్గర తిరుగు ఆటో దొరకడం కష్టం.

పొద్దున ఉగ్గాని తిని బయలుదేరండి, బజ్జీ మాత్రం మానండి. మిరప మంట మీద ఆల్కహాలు పడితే నోరు భగ్గుమంటుంది, తేలిక వైన్ రుచి ఏదీ అందదు. కొన్న సీసాలను రాష్ట్ర సరిహద్దు దాటించే సంగతి ఆ రోజు అమల్లో ఉన్న ఎక్సైజ్ నియమం కనుక్కున్నాకే. చెక్‌పోస్టులో తెలియదంటే వినరు.

ప్రశ్న: హైదరాబాదు నుంచి బంధువులు ముగ్గురు వస్తున్నారు. కర్నూలులో చూడటానికేముంది అంటున్నారు. ఆటోలో ఒక పూటలో ఏం చూపించాలి? — సి.క్యాంపు, కర్నూలు

మీరుండే చోటే మొదటి జవాబు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని. ఎ, బి, సి క్యాంపుల పేర్లు ఆనాటి ఉద్యోగుల వసతి నాటివి. భవనాలు చాలక గుడారాల్లో ఆఫీసులు నడిపిన ఊరిది. ఆ మాట వాళ్లకు క్యాంపు వీధిలో నిలబెట్టి చెప్పండి.

ఉదయం ఆరుకల్లా బయలుదేరాలి. ముందు జగన్నాథగట్టు. ఎండెక్కాక ముగ్గురు పెద్దవాళ్లతో ఆటో ఆ ఎత్తు ఎక్కితే ఇంజను వేడెక్కుతుంది, ప్రయాణికులూ వేడెక్కుతారు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయే చోటు నుంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ కట్టిన రూపాల సంగమేశ్వరాలయం అక్కడుంది. తర్వాత కొండారెడ్డి బురుజు. కింద నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు చాలామంది. పైకి ఎక్కనిస్తే తప్పక ఎక్కండి, ఊరు ఎలా పెరిగిందో అక్కడి నుంచే అర్థమవుతుంది. అటు నుంచి హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్, అంటే బీజాపూరు సుల్తానుల తరఫున కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ సమాధి. బీజాపూరులోని పేరున్న గుమ్మటం కాదిది, పేరు ఒకటే.

ఎవరూ చూపించనిది ఒకటుంది. కె.సి. కాలువ, అంటే కర్నూలు–కడప కాలువ, హంద్రీ నదిని దాటే చోటు. నది కింద పారుతుంది, కాలువ దాని మీదుగా తొట్టిలో పారుతుంది. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ సాగునీటితో పాటు పడవలు నడపడానికి కూడా తవ్వించింది ఆ కాలువను. సుంకేసుల నుంచి కడప దాకా నీళ్లు వెళ్లే దారి అది. కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో వెళ్తే, పైన నీళ్లు కింద నీళ్లు చూసి పిల్లలు కదలరు. అక్కడే 2009 అక్టోబరు వరద ఎంత ఎత్తుకొచ్చిందో పక్క ఇళ్లవాళ్లను అడగండి, గోడ మీద చేయి పెట్టి చూపిస్తారు.

తొమ్మిదిన్నరకు ముగించండి. పది దాటితే పాతబస్తీ సందుల్లో ఆటో కదలదు. ఓర్వకల్లు రాతివనం కూడా ఇదే ఆటోలో చూద్దామంటే వద్దు. సుమారు 20 కిలోమీటర్లు, హైవే మీద లారీల మధ్య. దానికి బస్సో కారో.

ప్రశ్న: నాది సొంత ఆటో. ఇట్లా టూర్లు తిప్పితే గిట్టుబాటవుతుందా? — కల్లూరు

అవుతుంది తమ్ముడూ, కిలోమీటరు లెక్కన కాకుండా గంట లెక్కన అడిగితే. నాలుగు గంటల టూర్‌లో బండి పాతిక కిలోమీటర్లు కూడా తిరగదు, ఎక్కువసేపు నిలబడే ఉంటుంది. మామూలు రోజు గంటకు నీ చేతిలో మిగిలేది ఎంతో వారం రోజులు రాసి పెట్టుకో. దానికి నాలుగు రెట్లు, ఆపైన ఇంధనం, నీళ్ల సీసాలు, పార్కింగు. అంతకు తక్కువైతే ఒప్పుకోకు.

ప్రయాణికులు ముగ్గురే, నాలుగోవాడిని నీ పక్కన కూర్చోబెడితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర చిక్కు. ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు ఒక కవరులో బండిలోనే ఉండాలి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు చూపించమని తప్పక అడుగుతారు. తుంగభద్ర దాటితే తెలంగాణ. నీ పర్మిట్ అక్కడ చెల్లుతుందో లేదో రవాణా ఆఫీసులో రాతపూర్వకంగా తెలుసుకోకుండా వంతెన ఎక్కొద్దు. బండిలో మందు పోయించుకుంటామని ఎవరన్నా ఒప్పుకోకు, ఎంత ఇస్తామన్నా సరే.

ప్రశ్న: నాసిక్ నుంచి తెచ్చిన వైన్ సీసా మే నెలలో కారు డిక్కీలో రెండు రోజులు ఉండిపోయింది. బిరడా కొంచెం పైకి లేచింది. పనికొస్తుందా? — గుంతకల్లు

ఎండలో ఆగిన కారు లోపల 50 డిగ్రీలు దాటుతుంది. వేడికి వైన్ ఉబ్బి బిరడాను నెట్టింది, ఆ సందులోంచి గాలి పోయింది. విషం కాదు, కానీ రుచి పోయి ఉంటుంది. తీసి వాసన చూడండి. ఉడికిన ఎండుద్రాక్ష వాసనైతే మటన్ కూరలోకి అర గ్లాసు వాడుకోవచ్చు, వెనిగర్ ఘాటు కొడితే పారబోయండి. ఈసారి సీసాను తడి గోనెసంచిలో చుట్టి, సీట్ల మధ్య కింద, ఏసీ తగిలే చోట పెట్టి తెచ్చుకోండి. ఇంటికి చేరాక రెండు వారాలు కదపకుండా పడుకోబెట్టండి.