వాంబాట్ గజ్జికి మందు వేయబోయే ముందు

చి.ల.సౌ. మాధవిని బాబాయి ఆశీర్వదించి వ్రాయునది.

కంగారూ వ్యాలీలో మీరు కొత్తగా కొన్న పొలంలో, వాగు గట్టున, పక్కల మీద వెంట్రుకలు ఊడి చర్మం పెచ్చులు కట్టిన వాంబాట్ (బొరియల్లో ఉండే ఆస్ట్రేలియా సంచి జంతువు) పట్టపగలు మేస్తూ కనబడిందనీ, ఈ శనివారమే మందు తెచ్చి పోసేద్దామనుకుంటున్నాననీ రాశావు. మందు పోయడం పెద్ద పని కాదమ్మా, వారం వారం విడవకుండా సుమారు మూడు నెలలు పోయడమే పని. అంతకాలం అక్కడికి వెళ్లిరావడానికి మీ ఇద్దరికీ తీరిక దొరకదనిపిస్తే, నువ్వు మొదలుపెట్టకుండా దగ్గరలోని వన్యప్రాణి సంరక్షణ బృందానికి ఈ రోజే ఫోను చేసి అప్పగించు. నడుమ ఆపేసిన వైద్యం వల్ల ఆ జంతువుకు కొద్దివారాల ఉపశమనం తప్ప మరేమీ మిగలదు.

అలా ఎందుకంటున్నానో చెబుతాను. ఈ వ్యాధికి కారణం సార్కాప్టిస్ స్కేబియై అనే పురుగు, అరమిల్లీమీటరైనా ఉండదు. మనుషులకు గజ్జి తెచ్చేదీ, మన ఊళ్లలో కుక్కలకు గజ్జి పట్టించేదీ ఈ జాతి పురుగే. యూరోపియన్లతోనూ వారి వెంట వచ్చిన పెంపుడు జంతువులతోనూ ఇది ఆస్ట్రేలియాలో అడుగుపెట్టిందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు పొదిగి, పిల్ల పెరిగి, మళ్లీ గుడ్లు పెట్టే దశకు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మనం వాడే మాక్సిడెక్టిన్ అనే మందు పురుగును చంపుతుంది గాని గుడ్డును చంపలేదు కాబట్టి, ఈ వారం తప్పించుకున్న గుడ్ల నుండి వచ్చేవాటి కోసం వచ్చే వారమూ, ఆపై వారమూ మందు పడుతూనే ఉండాలి.

దీనికి తోడు బొరియ ఒకటుంది. వాంబాట్ ఒకే బొరియలో స్థిరంగా ఉండదు. కొద్దిరోజులకొకసారి మారుతుంది, అది ఖాళీ చేసిన దానిలో మరొకటి పడుకుంటుంది. చల్లగా, చెమ్మగా ఉండే ఆ మట్టిలో రాలిపడిన పురుగులు జంతువు ఒంటిమీద లేకుండానే రెండు వారాలకు పైగా బతకగలవు. కనుక నీకు కనబడిన ఒక్కదానికి నయం చేసి ఊరుకుంటే, అది పక్క బొరియలోకి పోయి మళ్లీ అంటించుకుంటుంది. నువ్వు వైద్యం చేయవలసింది జంతువుకు కాదు, ఆ గట్టు మీద వాడుకలో ఉన్న బొరియలన్నిటికీ.

ఏవి వాడుకలో ఉన్నాయో తెలుసుకోవడానికి, ప్రతి బొరియ నోటి వద్ద సన్నని పుల్లలు నిలువుగా గుచ్చి తెల్లవారాక చూడు. పడిపోయి ఉంటే ఏదో ఒకటి రాకపోకలు సాగిస్తోందని అర్థం. అది వాంబాటో నక్కో తేల్చుకోవడానికి రాత్రిపూట ఫోటోలు తీసే కెమెరా ఒకటి చెట్టుకు కట్టడం మంచిది. ఆ తరువాత బొరియ నోటికి తీగ చట్రం నిలిపి, దానికి ప్లాస్టిక్ రేకు వేలాడదీసి, రేకుకు బిగించిన చిన్న మూతలో మందు పోస్తారు. వాంబాట్ తలతో నెట్టుకుని వెళ్లినప్పుడు మూత వంగి మందు వీపు మీద పడుతుంది. మొదటి కొన్ని రోజులు మందు లేకుండా వట్టి రేకునే వేలాడనిచ్చి, అది అలవాటు పడ్డాక మందు పోయాలి. పొడవాటి కర్రకు గిన్నె కట్టి వెనుక నుండి నేరుగా వీపు మీద పోసే పద్ధతి కూడా ఉంది గాని, దానికి అనుభవం కావాలి. వాంబాట్ లావుగా కనిపించినా మనకంటే వేగంగా పరుగెత్తుతుంది.

మాక్సిడెక్టిన్ పశువుల కోసం తయారైన మందు. వాంబాట్‌కు వాడాలంటే ప్రభుత్వ పర్మిట్‌లోని షరతులకూ మోతాదుకూ లోబడి వాడవలసిందే, కాబట్టి అంతర్జాలంలో ఎవరో చెప్పిన కొలత నమ్మకుండా శిక్షణ పొందిన కార్యకర్తను అడిగి తెలుసుకో. అది నీటిలోని జీవులకు విషం. మీ బొరియలు వాగు గట్టునే ఉన్నాయి గనుక, మిగిలిన మందు గాని, మూతలు కడిగిన నీరు గాని వాగులో కలవనీయవద్దు.

ఎంత శ్రద్ధగా చేసినా ఫలితం నిలవకపోవచ్చునని కూడా తెలిసి దిగు. ఆస్ట్రేలియా ద్వీపరాష్ట్రమైన టాస్మేనియాలోని నరావంటాపు జాతీయ వనంలో 2010, 2017 సంవత్సరాల మధ్య ఈ వ్యాధి వల్ల వాంబాట్‌లు 94 శాతం తగ్గిపోయాయి. అక్కడ పరిశోధకులు బొరియ బొరియకూ రేకులు కట్టి మందు వేసిన కాలంలో వ్యాధి తగ్గుముఖం పట్టింది, ఆపగానే తిరగబెట్టింది. ఆ అనుభవం తరువాతే, కుక్కల పేలకూ గోమార్లకూ వాడే ఫ్లూరలానర్‌ను టాస్మేనియా విశ్వవిద్యాలయం వారు వాంబాట్‌లపై పరీక్షించారు. ఒక్కసారి పోస్తే వారాల తరబడి పనిచేయడం దాని గొప్ప. మీవంటి ఉద్యోగస్తులకు అదే అనువైనదని నా అభిప్రాయం, అయితే దానికీ అనుమతి తప్పనిసరి.

మీరు చూసిన వాంబాట్ కళ్లూ చెవులూ పెచ్చులతో మూసుకుపోయి, ఎముకలు తేలి, పుండ్లలో పురుగులు పడి ఉంటే రేకు జోలికి పోవద్దు. పెచ్చు దళసరిగా ఉన్నచోట మందు సరిగా ఇంకదు. అటువంటి దానికి నొప్పి తెలియకుండా ప్రాణం తీయించడమే దయ కావచ్చు. ఆ నిర్ణయం అనుమతి ఉన్న వారిదే. ఆడదైతే సంచిలో పిల్ల ఉందేమో చూడమని వారికి తప్పక చెప్పు. ఆ సంచి వెనుకవైపు తెరుచుకుంటుంది గనుక పైకి కనబడదు, తల్లి గజ్జి పిల్లకూ అంటుతుంది.

చేతులకు గ్లవ్స్ లేకుండా దేన్నీ తాకకు, ఇంటికి రాగానే బట్టలు వేడినీటిలో ఉతుకు, మీ కుక్కను ఆ బొరియల వైపు పోనివ్వకు. వాంబాట్‌లు కనబడిన చోట్లు నమోదు చేసే వెస్టర్న్ సిడ్నీ విశ్వవిద్యాలయం వారి వామ్‌శాట్ వెబ్‌సైట్‌లో నువ్వు చూసిన వాంబాట్‌నూ, బొరియలనూ ఈ రాత్రే నమోదు చెయ్యి. చుట్టుపక్కల పొలాల వాళ్ల గట్ల మీద కూడా ఏముందో కనుక్కుని, వచ్చే ఉత్తరంలో బొరియల లెక్క రాయి.

ఇట్లు,
మీ బాబాయి