రెండు బస్తాల బోర్డుల్లో బంగారం ఎంత?

ప్రశ్న: సార్, మాది ఏలూరు దగ్గర, టీవీ రిపేర్ షాపు. అటక మీద రెండు బస్తాల పాత బోర్డులు పేరుకుపోయాయి, పిక్చర్ ట్యూబ్ టీవీలవి, సెట్‌టాప్ బాక్సులవి, కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లు (కరెంటు సప్లై ఇచ్చే డబ్బాలు), ఛార్జర్లు, ఓ ఇరవై ర్యామ్‌లు కూడా ఉన్నాయి. మా బావమరిది వీడియోలు చూసి యాసిడ్ తెస్తాను బంగారం తీద్దాం అంటున్నాడు. పాత సామాన్లవాడేమో అన్నీ కలిపి కాటా మీద పెట్టెయ్యమంటున్నాడు. వీటిలో ఏది దండగ?

జవాబు: ముందు మీ బావమరిదిని ఆపండి, తర్వాత మాట్లాడుకుందాం.

మీ బస్తాల్లో బరువంతా టీవీ బోర్డులదే అయ్యుంటుంది. ఒకటి తిరగేసి చూడండి, గోధుమరంగు అట్టలా ఉండి ఒకవైపే రాగి గీతలు, వాటిమీద సోల్డర్ ముద్దలు ఉంటాయి. అందులో బంగారం లేనట్టే. ఎస్‌ఎంపీఎస్, ఛార్జర్, సీఎఫ్‌ఎల్ బల్బు బోర్డులూ అదే జాతి. కరెంటు మోసే బోర్డుకి బంగారంతో పనేముంది చెప్పండి, పూత వేసేది ఊడదీసి మళ్లీ గుచ్చే కనెక్టర్ల దగ్గర, తుప్పు పడితే సిగ్నల్ పోయే చోట, ఇంకా చిప్పుల లోపల సన్నతీగల్లో. పైగా మీరు పోసే యాసిడ్ ముందు రాగినీ తగరాన్నీ ఇనుమునీ తిని కూర్చుంటుంది, అంటే బంగారం లేని బోర్డుకే యాసిడ్ ఖర్చు ఎక్కువ. నేనూ కుర్రతనంలో టీవీ ట్యూనర్లు నైట్రిక్‌లో నానబెట్టినవాణ్ణే, మూడో రోజుకి బకెట్ నిండా ఆకుపచ్చ నీళ్లు, అడుగున తెల్లటి బురద, అది తగరం అని తర్వాత తెలిసింది, ఆ నీళ్లు పారబోసిన చోట కరివేపాకు చెట్టు చచ్చిపోయి మా అమ్మతో తిట్లు.

ఇక సెట్‌టాప్ బాక్సులు. ఆకుపచ్చ బోర్డు మీద బంగారు రంగులో మెరుస్తుంటే ఆశ పుడుతుంది. అది ఫ్లాష్ పూత, అంటే పైపైన వేసే పల్చటి పూత, మందం 0.05 మైక్రాన్ దగ్గర ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). లెక్క కట్టండి, ఆ మందంతో చదరపు మీటరు మొత్తం పూత పూసినా వచ్చేది ఒక్క గ్రాము! మీ సెట్‌టాప్ బాక్సులో మెరిసే చోటంతా కలిపినా అరచెయ్యంత ఉండదు. ఇంకు రబ్బరు పెట్టి గట్టిగా రుద్దండి, కాసేపటికే కింద తెల్లటి నికెల్ కనబడితే పల్చటి పూత అన్నట్టే.

ర్యామ్‌ల సంగతి వేరు. అంచున ఉండే పళ్ల మీద పూత మందంగా వేస్తారు. డీడీఆర్3 రకం ర్యామ్ స్టిక్‌కి 240 పళ్లు, 0.75 మైక్రాన్ ఉందని ధారాళంగా అనుకున్నా స్టిక్‌కి 7 మిల్లీగ్రాములు, మీ ఇరవైకీ 140 మిల్లీగ్రాములు. లెక్క తేలిగ్గా ఉండాలని గ్రాము పదివేలు వేసుకుంటే మొత్తం 1400 రూపాయలు, అదీ చుక్క పోకుండా తీస్తే. పనిచేసే ర్యామ్ ఉంటే సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముకోండి, పళ్లు కత్తిరించడం తెలివి కాదు.

మరి పెద్ద కంపెనీలకి ఎలా గిట్టుతోందంటారా, బెల్జియంలో హోబోకెన్ దగ్గర యుమికోర్ అనే కంపెనీ కొలిమిలో టన్నుల కొద్దీ తుక్కు కరిగిస్తారు, బంగారంతోపాటు వెండి, రాగి, పల్లాడియం అన్నీ లెక్కలోకొస్తాయి, పొగని శుభ్రం చేసే ఏర్పాటుంది. మన పెరట్లో ఉన్నది బకెట్టే.

కాబట్టి అన్నీ కలిపి మాత్రం తూకం వెయ్యనివ్వకండి, కలిపితే మంచి సరుక్కి కూడా గోధుమ బోర్డు రేటే పడుతుంది. టీవీ యోక్‌లో (పిక్చర్ ట్యూబ్ మెడకి ఉండే తీగచుట్ట) రాగి, ట్రాన్స్‌ఫార్మర్లు, అల్యూమినియం హీట్‌సింకులు ఊడదీసి వేరే కాటా వేయించండి, మీకు నిజంగా డబ్బులొచ్చేది అక్కడే. ర్యామ్‌లు ఒక సంచి, ఆకుపచ్చ బోర్డులు ఒకటి, గోధుమవి ఒకటి. ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్తవి వచ్చాయి, రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కే ఇవ్వండి.

ప్రశ్న: ఇంట్లో నాలుగు పాత కీప్యాడ్ ఫోన్లున్నాయి. వాటిలోనైనా ఉంటుందా?

జవాబు: ఉంటుంది, టన్ను ఫోన్లకి సుమారు 300 గ్రాములంటారు, అంటే వంద గ్రాముల ఫోనుకి 30 మిల్లీగ్రాములు. నాలుగింటికీ కలిపి 120 మిల్లీగ్రాములేనండీ, అదీ చుక్క పోకుండా తీస్తే. బ్యాటరీలు తీసి విడిగా పెట్టి ఇచ్చెయ్యండి, ఉబ్బినది ఉంటే మాత్రం గుచ్చొద్దు.