బొమ్మ విమానానికి అసలు రంగు కొట్టొచ్చా?

ప్రశ్న: సార్, నేను విజయవాడలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. 1/72 స్కేలు (అసలుదానిలో 72వ వంతు) మిగ్-21 కిట్ అతికించి రంగు దాకా తెచ్చాను. మా బాబాయికి ఆటోనగర్‌లో కార్ల పెయింటింగ్ షెడ్డు ఉంది. యుద్ధవిమానాలకూ టూ-ప్యాక్ పీయూ పెయింటే కొడతారు, అదే కొట్టేస్తే అచ్చం అసలుదానిలా ఉంటుందంటున్నాడు. నిజమేనా? ఇంతకుముందు చేసిన మోడళ్లు ఎంత శ్రద్ధగా రంగు వేసినా ఆటబొమ్మల్లానే కనిపిస్తున్నాయి. కారణం ఏమిటి?
– ఒక పాఠకుడు, పటమట

జవాబు: మీ బాబాయి చెప్పింది నిజమే బాబూ. అసలు విమానానికి అడుగున ఎపాక్సీ ప్రైమరు, పైన రెండు భాగాలు కలిపి కొట్టే పాలీయురేథేన్. వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ (విమానం ఒంటి) పని చేసినవాణ్ణి, ఆ వాసన ఇప్పటికీ గుర్తుపడతాను. అయినా సరే, నీ మిగ్ మీద అది కొట్టొద్దు.

ముందు మందం లెక్క చూడు. అసలు విమానం మీద పైకోటు సుమారు 50 మైక్రాన్లు, అంటే 0.05 మిల్లీమీటర్లుంటుంది. అంతే మందం నీ మోడల్ మీద పడితే అసలు కొలతలో 3.6 మిల్లీమీటర్ల పొర కొట్టినట్టు. రివెట్లు, సన్న గీతలు అన్నీ పూడిపోతాయి. పైగా కారు థిన్నరు నేరుగా తగిలితే కిట్ ప్లాస్టిక్ మెత్తబడి కరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ రంగు గట్టిపడటానికి కలిపే రెండో భాగం, హార్డెనర్‌లో, ఐసోసయనేట్లనే రసాయనాలుంటాయి. పీలిస్తే ఆస్తమా పట్టుకుంటుంది. అందుకే హ్యాంగర్లలో బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కులు పెట్టుకునే కొడతారు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే చాలదని బాబాయికి కూడా నా మాటగా చెప్పు. నీకు మోడళ్ల కోసమే అమ్మే యాక్రిలిక్ చాలు. పాలంత పలుచగా కలిపి, గాలి ఒత్తిడి 15 పీఎస్ఐ దగ్గర పెట్టి, ఎయిర్‌బ్రష్‌తో (చిన్న స్ప్రే గన్) పల్చటి కోట్లు వేసుకో.

అసలు విమానానికి రంగు మొదట లోహాన్ని కాపాడటానికి. పాత రంగు ఊడదీసి, అల్యూమినియాన్ని రసాయనంతో శుద్ధి చేసి, తుప్పును ఆపే ప్రైమరు కొట్టాకే పైరంగు. తోక మీది రడ్డరు, రెక్కల మీది ఐలెరాన్ల లాంటి కదిలే భాగాలకు రంగు మార్చాక వాటి బ్యాలెన్స్ మళ్లీ చూస్తారు. రంగు బరువుకు తూకం తప్పితే గాల్లో అవి అదరడం మొదలై విరిగిపోవచ్చు. నీ మోడల్‌కు ఈ బాధలేవీ లేవు. జానెడు ప్లాస్టిక్‌ను టన్నుల బరువున్న యంత్రమని కంటిని నమ్మించడమే దాని రంగు పని. ఆటబొమ్మలా కనిపించడం అక్కడే మొదలవుతుంది.

పెద్ద విమానాన్ని మనం దూరం నుంచి చూస్తాం. మధ్యలో ఉన్న గాలి వల్ల రంగు కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది. అసలు డబ్బాలోని షేడునే చిన్నదాని మీద వేస్తే ముదురుగా కొడుతుంది. గ్రేలో కొంచెం తెలుపు కలుపు. దీన్ని ఒప్పుకోని మోడలర్లున్నారు గానీ, నా కంటికి మాత్రం ఇదే నప్పుతుంది. టైర్లకు అచ్చ నలుపు వాడకు, ముదురు గ్రే వెయ్యి.

ప్యానెల్ గీతల్లో (రేకుల అతుకుల గీతలు) నల్ల వాష్, అంటే బాగా పలుచన చేసిన రంగు, నింపడం అందరూ చేసే పని. 1/72లో 0.1 మిల్లీమీటరు గీత అంటే అసలు విమానం మీద 7 మిల్లీమీటర్ల సందు. అలాంటి సందులున్న విమానాన్ని ఎవరూ ఎగరనివ్వరు. వాష్ కింది రంగు కంటే ఒక్క మెట్టు ముదురైతే చాలు. అదీ తెరుచుకునే మూతలు, కదిలే భాగాల చుట్టూ కాస్త గట్టిగా, మిగతా చోట్ల కనీకనిపించనట్టుగా. మరకలు ఎక్కడపడితే అక్కడ పెట్టకు. రెక్క మొదట్లో మెకానిక్ కాళ్లు పడి రంగు అరుగుతుంది. పొట్ట కింద నూనె చారలు గాలివాటున వెనక్కి సాగుతాయి. వైజాగ్ వెళ్తే బీచ్ రోడ్డులో టీయూ-142 అనే పాత నౌకాదళ విమానం మ్యూజియంగా ఉంది. దాని పొట్ట కింద నిలబడి రివెట్ల వరసలు తీరిగ్గా చూడు. ఏ పుస్తకమూ అంత చెప్పదు.

కామఫ్లాజ్‌లో రెండు రంగులు కలిసే అంచు అసలు విమానం మీద 5 సెంటీమీటర్లు మెత్తగా కలిసిందనుకో, నీకది 0.7 మిల్లీమీటర్లు. అక్కడ టేపు పెడితే కత్తితో కోసినట్టుంటుంది. బ్లూ టాక్‌ను (గోడకు పోస్టర్లు అంటించే మెత్తటి జిగురు ముద్ద) సన్నటి వత్తులు చేసి అంచు పొడవునా పెట్టి, పైనుంచి నిట్టనిలువుగా కొట్టు.

టేపు అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి. అసలు విమానం మీద అంటించిన ప్రతి ముక్కా తీశారో లేదో చూసి సంతకం పెట్టాల్సిందే. 1996లో పెరూలో ఏరోపెరూ బోయింగ్ 757ను శుభ్రం చేస్తూ స్టాటిక్ రంధ్రాలకు (ఎత్తు, వేగం కొలవడానికి బయటి గాలి ఒత్తిడిని అందుకునేవి) వేసిన టేపును తీయకుండా వదిలేశారు. రాత్రివేళ సముద్రం మీద ఎత్తు, వేగం తప్పుగా చూపించి, 70 మంది చనిపోయారు. మోడల్ మీద టేపు కష్టం వేరు. రంగు పూర్తిగా గట్టిపడక ముందే, టేపును వెనక్కి మడిచి మెల్లగా లాగు. అంచు లేచి రాదు.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో మధ్యాహ్నం కొడితే రంగు గాల్లోనే ఎండి, మోడల్ మీద పొడిలా గరుకుగా పడుతుంది. తెల్లవారుజామున కొట్టు, రంగు త్వరగా ఆరకుండా చుక్క రిటార్డరు కలుపు. డెకాల్స్ (గుర్తులు, నంబర్ల స్టిక్కర్లు) అంటించే ముందు మెరిసే గ్లాసీ వార్నిష్ తప్పనిసరి. మెరుపు లేని మ్యాట్ రంగు మీద అంటిస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. అవి ఆరాక పైన మ్యాట్ వార్నిష్ కొట్టేయ్.